వంశవృక్షంలో లేదు, హద్దుల్లో ఉంది

దస్తావేజు చేతికొస్తే కొనేవాడు రేటు చూస్తాడు. అమ్మేవాడు తన పేరు సరిగ్గా పడిందో లేదో చూస్తాడు. ప్లీడరు సర్వే నంబరు చూస్తాడు. హద్దులు మాత్రం ఎవరూ చదవరు. తూర్పు ఫలానావారి భూమి, దక్షిణం పంటబోదె, పడమర పుంతదారి, ఉత్తరం ఇంకొకరి భూమి. నాలుగు ముక్కల్లో అయిపోతుంది. ముప్పై ఎనిమిదేళ్లు దస్తావేజు లేఖరిగా ఆ నాలుగు ముక్కల్ని కొన్ని వేలసార్లు రాసిన నేను కూడా, రాశాక వాటిని మళ్లీ చదివిన పాపాన పోలేదు.

అలాంటి హద్దుల్లోనే మా ఇంటి ఆడపడుచు ఒకావిడ దొరికింది. గోదావరి డెల్టాలో మా తాతయ్య 1936లో ఎకరం పొలం అమ్మిన దస్తావేజు నకలు అది. పాసుపుస్తకం పని మీద తీయించాను. ఉత్తరపు హద్దు దగ్గర ‘మా అప్పగారికి పసుపు కుంకుమల కింద ఇచ్చిన భూమి’ అని ఉంది, పక్కనే ఆవిడ పేరు. మా తాతయ్య అక్కగారు. మా ఇంటి వంశవృక్షంలో ఆవిడ లేదు. ఆ వంశవృక్షం రాసింది ఎవరో కాదు, నేనే.

మన దగ్గర వంశవృక్షం ఎప్పుడు గీస్తారంటే, పొలం పంచుకునేటప్పుడు గీస్తారు. లేదా పెద్దాయన కాలం చేశాక, బ్యాంకులో డబ్బు తీసుకోవడానికో భూమి పేరు మార్పించుకోవడానికో గీస్తారు. పూర్వీకుల మీద ప్రేమతో నా బల్ల దగ్గరికి వచ్చి వంశవృక్షం రాయించుకున్న మనిషిని నేను చూడలేదు. తెల్లకాగితం పైన పెద్దాయన పేరు, కింద నిలువు గీత, ఆ కింద కొడుకులు. ‘ఆడపిల్లలు?’ అని అడిగితే ‘వాళ్లకివ్వాల్సింది పెళ్లిలోనే ఇచ్చేశామండీ, వాళ్ల పేర్లెందుకు’ అనేవారు. ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా హక్కు ఇస్తూ మన రాష్ట్రం 1986లో చట్టం చేసింది. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తిస్తుందన్నారు, అప్పటికే పెళ్లయినవాళ్లకు వర్తించదన్నారు. 2005లో దేశం మొత్తానికీ ఆ హక్కు వచ్చింది. చట్టం మారాక నా బల్ల దగ్గర మాట మారింది గానీ గీతలు పెద్దగా మారలేదు. ఆడపిల్లల్ని తీసుకొచ్చి హక్కు విడుదల మీద సంతకం పెట్టించేవాళ్లు కొందరు. అసలు పేరే ఎత్తనివాళ్లు కొందరు. లేఖరి చెప్పింది రాస్తాడు, మనకెందుకు అనుకున్నాను. అలా ఎన్ని ఇళ్ల ఆడపిల్లలు నా చేతి మీదుగా కాగితంలోంచి జారిపోయారో లెక్క చెప్పలేను.

అందుకే ఈ వ్యాసం. వంశచరిత్ర వెతుకుదామని ఇప్పుడు చాలామందికి సరదా పుడుతోంది. అమెరికా నుంచి మనవలు ఫోన్ చేసి తాత తాత పేరేమిటని అడుగుతున్నారు. మంచిదే. అడిగినవాళ్లకు కొందరు ఇంట్లో చెప్పుకునే కథల్ని చేతిలో పెట్టి అదే చరిత్ర అంటున్నారు. కొందరు కథలన్నీ కట్టుకథలు, కాగితం ఉంటేనే నమ్ముతాం అంటున్నారు. ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది. ఇంటి కథ సాక్షి. కాగితం ఇంకో సాక్షి. సాక్షి చెప్పిందల్లా తీర్పు కాదు. సాక్షిని బోనెక్కించి అడగాలి. ఆ అడగడం ఎలాగో మా ఇంటి సంగతితోనే చెబుతాను.

1988 వేసవిలో మా మామ్మ ముందు టేప్‌రికార్డర్ పెట్టాను. ఆవిడ ఆనంద నామ సంవత్సరంలో పుట్టింది, అంటే 1914లోనో 15 మొదట్లోనో. అరవై నిమిషాల క్యాసెట్టు రెండు వైపులా నిండింది. నేను దానిమీద పేరు రాయలేదు. మరుసటి ఏడు ఇంట్లో పిల్లలు రెండో వైపు మీద సినిమా పాటలు ఎక్కించేశారు. తప్పు పిల్లలది కాదు, నాది. రోజూ నంబరు వేసి, తేదీ వేసి, సాక్షి సంతకాలు పెట్టించే మనిషిని, ఇంట్లో సాక్ష్యానికి చీటీ అంటించలేదు.

మిగిలిన వైపు మూడు సంగతులున్నాయి.

మొదటిది కాటన్ దొర కథ. ‘మీ తాత తాత ధవళేశ్వరం ఆనకట్టకి రాళ్లు మోశాడ్రా. దొర గుర్రం మీంచి చూసి భేష్ అన్నాట్ట.’ గోదావరి జిల్లాల్లో సగం ఇళ్లలో ఈ కథ ఉంది. అందరి తాతలనీ దొర మెచ్చుకున్నాడు. రెండో సంగతి, మన ఇలవేల్పు అహోబిలం నరసింహస్వామి, పెద్దకొడుక్కి ఆ స్వామి పేరే పెట్టాలి అని. మూడోది, ఆవిడ పెద్ద ఆడపడుచు సంగతి. మొగుడితో రంగం వెళ్లింది, కాకినాడ మీద బాంబులు పడిన ఏడు అక్కడే పోయింది, పిల్లాజెల్లా లేరు. రంగం అంటే రంగూన్ అని ఈ కాలం పిల్లలకు చెప్పాల్సి వస్తోంది.

మొదటి సాక్షిని కూడికలూ తీసివేతలతో అడిగాను. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో అయింది. మా ముత్తాత 1911లో రాయించుకున్న దస్తావేజులో ఆయన వయసు ‘సుమారు 35’ అని ఉంది. అంటే 1876 ప్రాంతంలో పుట్టాడు. ఆయన తండ్రి, మామ్మ చెప్పిన ‘తాత తాత’, ఏ 1850 ప్రాంతంలోనో పుట్టి ఉండాలి. ఆనకట్ట నాటికి ఉయ్యాలలో ఉన్నవాడు రాళ్లెలా మోస్తాడు?

అబద్ధమని కొట్టేద్దామనుకున్నాను. మళ్లీ టేపు విన్నాను. దొర మాట అయిన కాసేపటికి, వేరే ఏదో చెబుతూ, మామ్మ అంటోంది: ‘మీ ముత్తాతని జోలెలో వేసుకుని వచ్చారట, దారిలో గంజి పోసినోళ్లు లేరట.’ 1876లో పుట్టిన బిడ్డ, జోలె, గంజి. అది ధాత నామ సంవత్సరం. ధాత కరువు అని పెద్దలు చెప్పుకునేది అదే. 1876 నుంచి 78 దాకా దక్షిణ దేశాన్ని ఊడ్చేసిన కరువు. మన వైపు బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల మీద దాని దెబ్బ గట్టిగా పడింది. గోదావరి డెల్టాకు అప్పటికి ఆనకట్ట నీళ్లున్నాయి, ధాన్యం ఉంది, కూలి ఉంది. అహోబిలం ఉన్నది ఆ కరువుసీమలోనే, ఇప్పటి నంద్యాల జిల్లాలో. మా ఇంటిపేరు ఒక ఊరి పేరు. ఆ పేరుగల ఊరు గోదావరి జిల్లాల్లో నాకెక్కడా దొరకలేదు, నంద్యాల వైపు దొరికింది.

వీటిలో ఏ ఒక్కటీ కోర్టులో నిలవదు. వయసు సుమారు. ఇలవేల్పు తరవాత మారి ఉండొచ్చు. ఒకే పేరుతో నాలుగు ఊళ్లుంటాయి. కాని మూడూ ఒకే దిక్కు చూపిస్తున్నాయి. మావాళ్లు కరువుకు సీమ నుంచి దిగి వచ్చారని, ఏ కాలవలోనో మట్టి మోసి బతికారని ఇప్పుడు నా నమ్మకం. దొర పేరు తరవాత అతుక్కుని ఉంటుంది. ఆకలికి తాళలేక వచ్చామని చెప్పుకోవడం కంటే దొర భేష్ అన్నాడని చెప్పుకోవడం మనవల ముందు బాగుంటుంది కదా. కథలో అబద్ధం ఎక్కడ ఉందో అక్కడే ఇంటి అవమానం కూడా ఉంటుందని ఆ రోజు అర్థమైంది.

ఈ పాఠం మూడో సంగతికి నేను వాడలేదు. ‘రంగంలో పోయింది, పిల్లల్లేరు’ అన్నమాట పట్టుకుని వంశవృక్షంలో ఆవిడను వదిలేశాను. హద్దుల్లో పేరు కనపడ్డాక గాని కదలిక రాలేదు.

పసుపు కుంకుమల కింద ఆడపిల్లకిచ్చే చెక్కకు సాధారణంగా కాగితం ఉండదు. పెళ్లిపీటల దగ్గర నోటిమాటగా ఇచ్చేవారు. అందుకని అప్పగారికిచ్చిన ఆ అర ఎకరానికి దస్తావేజు లేదు, పక్క పొలం దస్తావేజులో హద్దుగా మాత్రమే అది కాగితానికెక్కింది. పేరు దొరికింది కాబట్టి ఇక నాకు తెలిసిన విద్య మొదలుపెట్టాను. రిజిస్ట్రేషన్ ఆఫీసులో స్థిరాస్తి దస్తావేజుల నకళ్లు ఎక్కే పుస్తకాన్ని ఒకటో పుస్తకం అంటాం. దానికి రెండు సూచికలుంటాయి. ఒకటి రాసిచ్చినవాళ్ల, రాయించుకున్నవాళ్ల పేర్ల వారీగా, రెండోది ఆస్తి వారీగా. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రుసుము కట్టి ఎవరైనా వీటిని చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు. కంప్యూటర్‌లో వచ్చే లావాదేవీల పత్రం, ఈసీ, 1983 దాకానే వెనక్కి పోతుంది. అంతకుముందువి చేత్తో వెతికించాల్సిందే.

ఆవిడ పేరు 1943 సూచికలో తగిలింది. హక్కు విడుదల దస్తావేజు. రాసిచ్చింది ఆవిడ, రాయించుకున్నది మా తాతయ్య. ‘ఇంతకుముందు రంగంలో కాపురముండి, ప్రస్తుతం’ అని కాకినాడ దగ్గర ఒక ఊరి పేరు. వయసు సుమారు 40. పసుపు కుంకుమల భూమి మీద తనకు హక్కేమీ లేదని, నూట యాభై రూపాయలు రొక్కంగా ముట్టాయని రాసి ఉంది. రాసిచ్చినామె నిశానీ, ఎడమ బొటనవేలి ముద్ర.

కాకినాడ మీద బాంబులు పడిన 1942లో చచ్చిపోయిన మనిషి 1943లో వేలిముద్ర వేసింది.

రంగం చరిత్ర ఒకమాట చెప్పుకోకపోతే ఈ కథ అర్థం కాదు. మన వాళ్లు మారిషస్‌కు 1834 తరవాత, నేటాల్‌కు 1860 నుంచి, ఫిజీకి 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా కూలి ఒప్పందం మీద వెళ్లారు. ఆ వెళ్లినవాళ్లకు కాగితాలున్నాయి. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, తాలూకా, జిల్లా, చివరికి ఒంటిమీద పుట్టుమచ్చలతో సహా రాసి పెట్టుకున్నారు తెల్లవాళ్లు. మారిషస్‌లోని మోకాలో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఆ రిజిస్టర్లను ఇప్పటికీ భద్రంగా కాపాడుతోంది. అందువల్ల దర్బన్‌లోనో మారిషస్‌లోనో ఉన్న తెలుగువాళ్ల మునిమనవలు ముత్తాత ఊరి పేరున్న కాగితం పట్టుకుని మన జిల్లాలకు రాగలుగుతున్నారు. రంగం సంగతి వేరు. 1937 దాకా బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో భాగం. కాకినాడలోనో విశాఖలోనో స్టీమరెక్కితే పరాయి దేశం పోయినట్టు లెక్క కాదు. మేస్త్రీ డబ్బు కడితే ఎక్కడమే. నేటాల్ ఓడల వాళ్లకున్నట్టు మనిషి మనిషికీ కాగితం పుట్టలేదు. లక్షలమంది తెలుగు కూలీలు అలా పోయి వచ్చారు. వాళ్లకు రికార్డు అంటే ఇంట్లో ముసలివాళ్ల నోరే. ఆ నోరు తప్పు చెబితే దిద్దడానికి ఇంకేమీ లేదు.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చి 8కి ఊరు వాళ్ల చేతికి పోయింది. స్టీమరు టిక్కెట్టు దొరకని మనవాళ్లు అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ అడవుల మీదుగా కాలినడకన బయల్దేరారు. ఎంతోమంది దారిలోనే పోయారు. ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. మామ్మ చెప్పిన ‘కాకినాడ మీద బాంబులు పడిన ఏడు’ అదే. ఏడు సరిగ్గానే చెప్పింది. మనిషి సంగతే తేడా.

మళ్లీ టేపు పెట్టుకున్నాను. ఈసారి కాగితం మీద అక్షరం అక్షరం రాసుకుంటూ విన్నాను. మామ్మ మాట ఇది: ‘మా పెద్దాడపడుచు రంగంలో పోయిందన్నారు.’ పోయింది అనలేదు. పోయిందన్నారు. ముప్పై ఏళ్లుగా నేను ఆ ‘అన్నారు’ మింగేసి ‘పోయింది’ అని చెప్పుకుంటూ వచ్చాను. మామ్మ అబద్ధమాడలేదు. తనకు చెప్పింది చెప్పింది, తను చూడలేదని కూడా ఆ మాటలోనే చెప్పింది. వినడం రానిది నాకే.

మన భాషలో ఈ సౌకర్యం ఎంత గొప్పదో అప్పటిదాకా ఆలోచించలేదు. వచ్చాడు, వచ్చాడట, వచ్చాడన్నారు. కళ్లతో చూసినదానికి ఒక క్రియ, చెవులతో విన్నదానికి ఇంకొకటి. కోర్టులో ప్లీడరు గంట సేపు ప్రశ్నలడిగి రాబట్టేదాన్ని మన ముసలివాళ్లు ఒక ‘ట’తో తేల్చేస్తారు. ఇంటి కథలు రాసుకునేవాళ్లు ఏది వదిలేసినా ఆ ‘ట’ వదలకూడదు. మామ్మ కాటన్ దొర గురించి కూడా ‘భేష్ అన్నాట్ట’ అంది. ‘రాళ్లు మోశాడు’ దగ్గర మాత్రం ‘ట’ లేదు. ఆ కథ ఎన్ని నోళ్లు మారి ఆవిడ దగ్గరికి వచ్చేసరికి ఆ ‘ట’ రాలిపోయిందో!

చట్టానికి కూడా ఈ సంగతి తెలుసు. ఒకరి దగ్గర విని చెప్పే మాట మామూలుగా సాక్ష్యంగా పనికిరాదు. కాని 1872 నాటి సాక్ష్య చట్టం 32వ సెక్షన్ చుట్టరికాల దగ్గర ఒక సడలింపు ఇచ్చింది. చనిపోయిన మనిషి, రక్తసంబంధం గురించో పెళ్లి గురించో దత్తత గురించో, తనకు ప్రత్యేకంగా తెలిసే వీలున్న సంగతి చెప్పి ఉంటే దాన్ని వినొచ్చు. షరతు ఒక్కటే. తగాదా పుట్టకముందు చెప్పిన మాటై ఉండాలి. వీలునామాలో, దస్తావేజులో, ఇంటి వంశావళిలో, సమాధి రాతి మీద ఉన్న రాతలకూ అదే నియమం. 2024 జులై నుంచి కొత్త సాక్ష్య చట్టం వచ్చినా ఈ సూత్రం పోలేదు. తగాదా పుట్టకముందు అన్నది ఎంత తెలివైన మాటో చూడండి. వాటాల గొడవ మొదలయ్యాక అందరికీ చుట్టరికాలు తమకు కావలసినట్టే గుర్తొస్తాయి. నా బల్ల దగ్గర అది రోజూ చూశాను.

కాగితం నిజం చెప్పింది, మామ్మకు అబద్ధం చెప్పారు, ఇక కథ ముగిసిందనుకోకండి. కాగితం గురించి నాకంటే తెలిసినవాడు ఉండడు, రాసేవాణ్ని కదా. ‘రొక్కం ముట్టినది’ అన్న ముక్క నేను కొన్ని వందలసార్లు రాశాను. అందులో సగంసార్లు నా కళ్లముందు రూపాయి చేతులు మారలేదు. స్టాంపు డ్యూటీ తగ్గాలని ధర తగ్గించి రాయించుకునేవాళ్లు. వయసు నేనే మనిషిని ఎగాదిగా చూసి వేసేవాణ్ని. అందరూ 35, 40, 45. ‘నా స్వయం ఇష్టపూర్వకంగా’ అని రాస్తూ ఎదురుగా ఉన్న ముసలావిడ కళ్లలోకి చూడకుండా తప్పించుకున్న రోజులున్నాయి. 1943లో ఆ నూట యాభై రూపాయలు ఆవిడ చేతికి చేరాయో లేదో ఆ దస్తావేజు చూసి చెప్పలేను. చెబుతానంటే నన్ను నమ్మకండి. పుట్టింటికి వచ్చిందా, గడప దగ్గరి నుంచే తిప్పి పంపారా, ఇంట్లో మాత్రం పోయిందని ఎందుకు చెప్పుకున్నారు, ఇవేవీ కాగితంలో లేవు.

కాకినాడ దగ్గరి ఆ ఊరు వెళ్లాను. రెండు పూటలు తిరిగితే ఆవిడ కూతురి కొడుకు ఇల్లు దొరికింది. పేర్లు రాయను. వాళ్లు ఈ పేపరు చదువుతారు, వాళ్లింటి సంగతి చెప్పుకోవలసింది వాళ్లు. నేను తీసుకెళ్లిన నకలు చూసి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ‘మా అమ్మమ్మకు పుట్టింటివాళ్లు ఎవరూ లేరట అండీ’ అన్నాడు. అక్కడా ఒక ‘ట’. మా ఇంట్లో ఆవిడను చంపేశారు. ఆవిడ తనవైపు నుంచి మమ్మల్నందరినీ లేకుండా చేసింది. అరకాన్ కొండల్లో భర్త పోయాడని, ఏడేళ్ల కూతుర్ని పట్టుకుని నడిచి వచ్చిందని, ఈ ఊళ్లో ధాన్యం దంచి బతికిందని ఆ ఇంట్లో చెప్పుకుంటారు. పైన అటక మీంచి ఎర్రలక్క తమలపాకుల డబ్బా ఒకటి దించి చూపించారు. రంగం నుంచి తెచ్చినవాటిలో మిగిలింది అదేనట. పక్కనే ఒక ఇత్తడి బిందె. దానిమీద చుక్కచుక్కలుగా చెక్కిన అక్షరాలు తుడిచి చూస్తే, మా ముత్తాత పేరు. కూతురి పెళ్లికి పెట్టిన బిందె. రంగం వెళ్లేముందు అత్తవారింట్లో వదిలి వెళ్లి ఉంటుంది.

పెళ్లి సామాను మీద పేర్లు చెక్కించే అలవాటు ఎవడు పెట్టాడో గాని వాడికి దణ్ణం. ఇచ్చినవాళ్ల పేరు, పుచ్చుకున్నవాళ్ల పేరు, ఒక్కోసారి తేదీ. ఎందరు ఆడవాళ్ల పుట్టింటి చరిత్ర అటకల మీద ఇత్తడిలో ఉందో! చింతపండుతో తోమితే బయటపడుతుంది. స్టీలు వచ్చాక బరువుకు అమ్మేసుకున్నాం.

ఇంటికొచ్చి చెబితే వరసకు బాబాయి ఒకాయనకు కోపం వచ్చింది. ‘ఎనభై ఏళ్ల తరవాత ఇప్పుడెందుకురా తవ్వడం? ఆ అర ఎకరానికి వాళ్లు దావా వేస్తే?’ అన్నాడు. దావా భయం గురించి నేను చెప్పగలిగింది చెప్పాను, అది కాలం దాటిన సంగతి. అసలు భయం అది కాదని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. కాని ఆయన మాటలో ఒక న్యాయం ఉంది. బతికున్నవాళ్ల సంగతులు పెద్దవాళ్ల చరిత్ర పేరుతో బజారున పెట్టే హక్కు ఎవరికీ లేదు. దత్తత అని బిడ్డకే తెలియని ఇళ్లున్నాయి. రెండో పెళ్లిళ్లున్నాయి. అలాంటివి రాసి పెట్టుకోండి, కవరులో పెట్టి అంటించండి, ఎవరు ఎప్పుడు తెరవాలో పైన రాయండి. చింపేయకండి, చాటింపు వేయకండి. అలాగే వంశచరిత్ర వెతికేది మనం ఏ రాజుగారి సేనాపతికి వారసులమో తేల్చుకోడానికైతే అసలు మొదలుపెట్టకండి. కులం గొప్ప కోసం వెతికేవాడికి కావలసినదే దొరుకుతుంది, ఉన్నది దొరకదు. మా ముత్తాత సీమ నుంచి జోలెలో వచ్చాడు. అంతకంటే గొప్ప సంగతి మా ఇంట్లో ఇంకొకటి లేదు.

రెండు వందల ఏళ్ల కింద కాలిన్ మెకంజీ అనే సర్వే దొర దగ్గర పనిచేసిన మన ఏలూరు కావలి సోదరులు, వెంకట బొర్రయ్య, వెంకట లక్ష్మయ్య, ఊళ్ల చరిత్రలు పోగు చేశారు. వాళ్ల మనుషులు ఊరూరా తిరిగి కరణాల దగ్గరి కవిలెలు చూసి, పెద్దల్ని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకొచ్చారు. వాటినే కైఫీయతులు అంటున్నాం. ఆ మాటకు అర్థం వాఙ్మూలమనే. వాటిలో దేవతలు దిగివచ్చిన కథలున్నాయి, తప్పుడు తేదీలున్నాయి. అయినా చరిత్ర రాసేవాళ్లు ఇవాళ్టికీ వాటి దగ్గరికే వెళుతున్నారు. ఊరు తన గురించి తాను ఏమనుకునేదో వేరే ఎక్కడా దొరకదు కాబట్టి. ఊరికి కైఫీయతు ఉన్నప్పుడు ఇంటికి మాత్రం ఎందుకుండకూడదు?

ఇంటి కైఫీయతుకు లేఖరిగా నాలుగు సలహాలు చెబుతాను. చెప్పినవారి పేరు, తేదీ, ఎవరి దగ్గర విన్నారో పైన రాయండి. మాటను దిద్దకండి, ‘ట’ ఉంటే ‘ట’తోనే రాయండి. పుట్టిన ఏడు తెలుగు సంవత్సరంలో చెబితే తొందరపడకండి. ప్రభవ అంటే 1927 కావచ్చు, 1867 కావచ్చు. ఏ కరువు, ఏ తుపాను, ఏ ఎన్నికలు దగ్గర్లో వచ్చాయో అడిగి తేల్చుకోండి. తాత పేరు మనవడికి పెట్టే ఇళ్లలో సుబ్బయ్య కొడుకు నరసయ్య, నరసయ్య కొడుకు సుబ్బయ్య ఇలా తిరుగుతూ ఉంటారు. ఏ నరసయ్యో తెలియాలంటే ఆయన భార్య పేరు అడగండి. భార్యల పేర్లు లేని వంశవృక్షం మొగవాళ్ల లెక్కకు కూడా పనికిరాదు.

ఇంకోమాట. మన ఇళ్లలో చుట్టరికాలన్నీ తెలిసినవాళ్లు కోడళ్లుగా వచ్చిన ముసలమ్మలు. పుట్టిల్లు, మెట్టినిల్లు, ఆడపడుచుల అత్తవారిళ్లు, మూడు వంశాల లెక్క ఒక్క బుర్రలో ఉంటుంది. పెద్దమనుషులం వరండాలో కూర్చుని మగాళ్లను అడుగుతాం. వాళ్లు నాలుగు పేర్లు చెప్పి, ‘లోపల అమ్మని అడుగు’ అంటారు. ముందే లోపలికి వెళ్లండి. ఈ సంక్రాంతికి అందరూ ఊరు వచ్చినప్పుడు ఒక్క పూట ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి ఆవిడ పక్కన కూర్చోండి. ఫైలుకు పేరు, తేదీ పెట్టండి. నాలా సినిమా పాటలపాలు చేయకండి.

పోయిన నెల మా ఇంట్లో ఒక వాటా పనికి వంశవృక్షం మళ్లీ కావలసి వచ్చింది. కొత్త కాగితం తీసుకుని నేనే రాశాను. పైన మా ముత్తాత, పక్కన ముత్తవ్వ పేరు. కింద గీతలు. మా తాతయ్య పేరు రెండో గీత కింద పడింది. మొదటి గీత కింద ఆయన అక్కగారు. పెద్దది కదా.